సర్కారు ఆఫీసు ఖరీదెంత?

ఢిల్లీలో 2025 ఆగస్టు 6న కర్తవ్య భవన్‌-3ను ప్రారంభిస్తూ ప్రధాని నరేంద్ర మోదీ ఒక లెక్క చెప్పారు. రాజధానిలో అద్దె భవనాల్లో నడుస్తున్న కేంద్ర మంత్రిత్వ శాఖల కోసం ఏటా సుమారు 1,500 కోట్ల రూపాయలు చెల్లిస్తున్నామని, కొత్త సచివాలయ భవనాలు పూర్తయితే ఆ డబ్బు మిగులుతుందని దాని సారాంశం. వినగానే సబబుగానే అనిపిస్తుంది. నెలనెలా అద్దె కట్టే మధ్యతరగతి మనిషికి సొంతిల్లే లాభమని నమ్మే సమాజం మనది. కానీ ఆ లెక్కకు రెండో సగం ఉంది. దశాబ్దాలుగా సొంతంగా ఉన్న శాస్త్రి భవన్‌, కృషి భవన్‌, ఉద్యోగ్‌ భవన్‌ల మీద ఏడాదికి ఎంత ఖర్చవుతోంది? వాటి కింద ఉన్న స్థలం విలువెంత? కరెంటు, లిఫ్టులు, కాపలా, ఊడ్చేవాళ్ల జీతాలు, పాత పైపుల మరమ్మతులు అన్నీ కలిపితే ఒక్కో కుర్చీ మీద పడే భారం ఎంత? బడ్జెట్‌ పుస్తకాలు తిరగేసి ఈ జవాబులు రాబట్టడం సామాన్యుడి తరం కాదు. అద్దె కంటికి కనిపిస్తుంది, సొంత భవనం ఖర్చు కనిపించదు. ప్రజాధనానికి చిల్లు పడేది అక్కడే. సొంతమా అద్దెనా అని వాదించుకునే ముందు, ఒక్కో భవనానికి ఏటా లెక్క రాసేవారు, ఆ లెక్కకు జవాబు చెప్పేవారు ఉన్నారా అన్నది తేలాలి.

లోపం ఎక్కడుందో తెలియాలంటే సర్కారు పద్దులు రాసే తీరు చూడాలి. మన కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు నగదు పద్ధతిలో లెక్కలు రాస్తాయి. ఖజానా నుంచి డబ్బు వెళ్లిన రోజే ఖర్చు. ఆ డబ్బుతో వచ్చిన ఆస్తి తర్వాత ఏమైందో పద్దులకు పట్టదు. వంద కోట్లతో భవనం కడితే, బిల్లులు చెల్లించిన రెండు మూడేళ్లు అది మూలధన వ్యయంగా కనిపిస్తుంది. ఆ తర్వాత దాని వాడకం ఉచితమన్నట్టే లెక్క, ఎందుకంటే ఏటా ఎంత విలువ తరిగిందో రాసే గడి అందులో లేదు. అద్దె మాత్రం ఏటా రెవెన్యూ ఖాతాలో పడి రెవెన్యూ లోటును పెంచుతుంది. మరమ్మతుల ఖర్చూ ఆ ఖాతాలోనిదే. అందుకే చేతిలో డబ్బు తగ్గిన ఏడాది ఆర్థిక శాఖ కత్తెర తేలిగ్గా పడేది మరమ్మతుల మీద. జీతాలు ఆపితే మర్నాడే గొడవ, పైకప్పు చెమ్మను పదేళ్ల దాకా ఎవరూ అడగరు. ఈ పద్ధతి మార్చి ఆస్తులు, అప్పులు, తరుగుదల అన్నీ చూపే అక్రూవల్‌ పద్ధతికి వెళ్లమని 12వ ఆర్థిక సంఘం సిఫార్సు చేసింది. ప్రభుత్వ అకౌంటింగ్‌ ప్రమాణాల కోసం కాగ్‌ 2002లోనే ఒక సలహా మండలిని ఏర్పాటు చేసింది. పట్టణ సంస్థలకైతే 2004లో జాతీయ మున్సిపల్‌ అకౌంట్స్‌ మాన్యువల్‌ వచ్చింది. ఆ మాన్యువల్‌ ప్రకారం చిన్న పురపాలక సంఘం కూడా తన మార్కెట్‌ కాంప్లెక్సుకు తరుగుదల లెక్కగట్టాలి. అదే ఊళ్లోని కలెక్టరేటుకు, రాజధానిలోని సచివాలయానికి ఆ బాధ్యత లేదు.

ఆ లెక్క రాస్తే ఏం తేలుతుందో ఊహాజనితమైన ఉదాహరణతో చూద్దాం. ఒక శాఖకు పది వేల చదరపు అడుగుల ఆఫీసు కావాలి. అడుగుకు నెలకు 20 రూపాయల చొప్పున అద్దెకు తీసుకుంటే ఏడాదికి 24 లక్షలు. సొంతంగా కడితే అడుగుకు 2,500 చొప్పున రెండున్నర కోట్లు. ఆ డబ్బు ఏడున్నర శాతం వడ్డీకి అప్పు తెస్తే ఏడాదికి 18 లక్షల 75 వేలు. భవనం అరవై ఏళ్లు ఉంటుందనుకుంటే తరుగుదల నాలుగు లక్షల పైచిలుకు. నిర్వహణకు కట్టుబడి ఖర్చులో ఒకటిన్నర శాతం పెట్టినా మూడు లక్షల 75 వేలు. మొత్తం 26 లక్షలు దాటింది, స్థలం విలువ ఇంకా కలపనే లేదు. అంటే మొదటి ఏడాది అద్దే చవక. అద్దె ఏటా ఐదు శాతం పెరుగుతుందనుకుంటే నాలుగో ఏడాదికి అది సొంత భవనం ఖర్చును దాటుతుంది, పదిహేనో ఏడాదికి 47 లక్షలకు చేరుతుంది. నిర్వహణ ఖర్చూ పెరుగుతుంది గానీ పెద్ద భాగమైన వడ్డీ పెరగదు. కాబట్టి ఆఫీసు ఒకేచోట ఎన్నేళ్లు ఉంటుందన్నదే అసలు ప్రశ్న. మూడేళ్లలో మూతపడే ప్రాజెక్టు కార్యాలయానికి భవనం కట్టడం ఎంత దండగో, తరతరాలు ఉండే తహసీల్దారు కార్యాలయాన్ని అద్దె ఇంట్లో నడపడమూ అంతే దండగ.

తెలుగు రాష్ట్రాల్లో గత పదేళ్లు ఈ ప్రశ్నను పదేపదే ముందుకు తెచ్చాయి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న పది జిల్లాలు ముప్ఫై ఒకటయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. జిల్లా అంటే కలెక్టరు, ఎస్పీ మాత్రమే కాదు. వ్యవసాయం నుంచి ట్రెజరీ దాకా డజన్ల కొద్దీ శాఖలకు కొత్త కార్యాలయాలు కావాలి. బోర్డు రాత్రికి రాత్రి మారుతుంది గానీ భవనం రాదు. దొరికిన ప్రభుత్వ భవనాలు, అవి చాలనిచోట ప్రైవేటు కట్టడాలు ఆఫీసులయ్యాయి. హైదరాబాద్‌ నుంచి తరలిన ఆంధ్రప్రదేశ్‌ శాఖాధిపతుల కార్యాలయాలు చాలావరకు విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల అద్దెకు దిగాయి. తెలంగాణ సమీకృత కలెక్టరేట్ల బాట పట్టింది. 2021 జూన్‌లో సిద్దిపేట, కామారెడ్డిలతో మొదలుపెట్టి ఒక్కో జిల్లాలో శాఖలన్నింటినీ ఒకే ప్రాంగణంలోకి తెస్తూ వచ్చింది. తాత్కాలికం అనుకున్న అద్దెలు ఏళ్ల తరబడి సాగితే ఏమవుతుందో ఆ రాష్ట్రంలోనే 2024 అక్టోబరులో కనిపించింది. బకాయిలు చెల్లించలేదంటూ కొందరు యజమానులు దసరా సెలవుల తర్వాత గురుకుల పాఠశాలల గేట్లకు తాళాలు వేశారు, పిల్లలు బయట నిలబడ్డారు. అద్దెకున్న రెండో ఖర్చు ఇది. బిల్లు ఆలస్యమైతే యజమానికి కోపం వస్తుంది, శిక్ష మాత్రం సేవ పొందాల్సిన పౌరుడికి పడుతుంది. పైగా సర్కారు ఆలస్యంగా చెల్లిస్తుందని తెలిసిన యజమాని ఆ ఆలస్యానికీ కలుపుకునే అద్దె అడుగుతాడు.

అలాగైతే అన్నీ సొంతంగా కట్టేస్తే సరిపోతుందా? సరిపోదని హైదరాబాద్‌ సచివాలయ చరిత్రే చెబుతుంది. 2014 విభజన చట్టం హైదరాబాద్‌ను పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధానిగా ఉంచింది. సచివాలయం బ్లాకులను రెండు రాష్ట్రాల మధ్య పంచారు. ఆంధ్రప్రదేశ్‌ కొలువు 2016లో వెలగపూడికి తరలింది. దాని వాటా బ్లాకులు 2019లో తెలంగాణకు అప్పగించే దాకా చాలావరకు ఖాళీగానే ఉన్నాయి. 2020 జూన్‌లో హైకోర్టు అభ్యంతరాలను కొట్టివేశాక జులైలో పాత సముదాయం కూల్చివేత మొదలైంది. 2023 ఏప్రిల్‌ 30న అంబేడ్కర్‌ పేరిట కొత్త సచివాలయం ప్రారంభమైంది. పాత బ్లాకుల్లో అగ్నిప్రమాదాల నుంచి రక్షణ లేదని, శాఖలు చెల్లాచెదురుగా ఉన్నాయని ప్రభుత్వం వాదించింది. నిజాం కాలపు భవనంతో పాటు రెండు దశాబ్దాలు నిండని బ్లాకులనూ ఎందుకు కూల్చాలని విమర్శకులు ప్రశ్నించారు. ఎవరి వాదన సరైనదో తేల్చే సాధనం మాత్రం రెండు పక్షాల దగ్గరా లేదు. ఒక్కో బ్లాకు మిగిలిన విలువ, దాన్ని బాగుచేయడానికయ్యే ఖర్చు, కొత్తది కట్టడానికయ్యే ఖర్చు పక్కపక్కన పెట్టే పద్దు మన వ్యవస్థలో లేదు కనుక, కూల్చివేతలో పోయిన ఆస్తి విలువ ఖజానా లెక్కల్లో నష్టంగా నమోదు కాదు. విశాఖ రుషికొండ మీద కట్టిన భవనాలది మరో పాఠం. పర్యాటక శాఖ రిసార్టు ఉన్నచోట లేచిన ఆ కట్టడాలను దేనికి వాడాలన్న చర్చ 2024లో ప్రభుత్వం మారాక కూడా సాగుతూనే వచ్చింది. ఎవరు కూర్చుంటారో తేలకుండా కట్టిన భవనం సొంతమైనా భారమే.

సొంతం చేసుకోవడమే తలనొప్పి అనుకుంటే అమ్మేసి అద్దెకుందాం అనే ఆలోచన కూడా ఉంది. దీన్ని పెద్ద ఎత్తున ప్రయోగించింది బ్రిటన్‌. 2001లో అక్కడి ఇన్‌లాండ్‌ రెవెన్యూ, కస్టమ్స్‌ అండ్‌ ఎక్సైజ్‌ శాఖలు సుమారు 600 భవనాలను మేప్లీ అనే సంస్థకు బదలాయించాయి. సుమారు 22 కోట్ల పౌండ్లు చేతికి వచ్చాయి. బదులుగా ఇరవై ఏళ్ల పాటు అవే భవనాల్లో ఉంటూ వసతికి, నిర్వహణకు ఏటా రుసుము చెల్లించాలి. నిర్వహణ భారం ప్రైవేటు సంస్థదవుతుంది, అవసరం తగ్గినప్పుడు కొంత స్థలం ఖాళీ చేసే వెసులుబాటు ఉంటుంది అన్నది లాభంగా చూపిన అంశం. ఆ వెసులుబాటు నిజంగానే కొంత ఉపయోగపడింది. అయితే భవనాల యాజమాన్యం అప్పట్లో కంపెనీలకు ఆదాయపు పన్ను లేని బెర్ముడా దీవుల్లో నమోదైన కంపెనీ చేతిలో ఉందని తర్వాత బయటపడింది. దేశమంతటి నుంచి పన్నులు వసూలు చేసే శాఖ తన ఆఫీసులనే పన్ను స్వర్గానికి అప్పగించిందని పార్లమెంటు, పత్రికలు దుమ్మెత్తిపోశాయి. జాతీయ ఆడిట్‌ కార్యాలయం ఈ ఒప్పందాన్ని ఒకటికి రెండుసార్లు పరిశీలించాల్సి వచ్చింది. 2021లో గడువు ముగిసేసరికి బ్రిటన్‌ పన్నుల శాఖ చేతిలో ఆ భవనాలు లేవు. దేశమంతా విస్తరించిన కార్యాలయాలను పదమూడు ప్రాంతీయ కేంద్రాలకు కుదించి, వాటిలోనూ ఎక్కువ భాగం దీర్ఘకాలిక లీజుకే తీసుకుంది. ఒక్కసారి చేతికొచ్చే మొత్తం ఆ ఏటి బడ్జెట్‌కు అందాన్నిస్తుంది, ఇరవై ఏళ్ల చెల్లింపులు మాత్రం తర్వాతి ప్రభుత్వాల నెత్తిన పడతాయి. ఆస్తి పద్దు సరిగ్గా ఉంటే అమ్మకపు ధరను, వదులుకున్న విలువను ముందే పోల్చి చూసేవారు.

మన దగ్గర ఇదే పొరపాటు ఇంకో రూపంలో వస్తుంది. ఢిల్లీలో పాత ప్రభుత్వ కాలనీల స్థానంలో కొత్త క్వార్టర్లు కట్టే పనిని ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌బీసీసీ చేపట్టింది. కాలనీల స్థలంలో కొంత వాణిజ్య స్థలంగా మార్చి, దాన్ని అమ్మిన డబ్బుతో మిగతా నిర్మాణం చేయడం ఆ పథకం. నౌరోజీ నగర్‌లో కట్టిన వరల్డ్‌ ట్రేడ్‌ సెంటర్‌ స్థలాన్ని ఇలాగే వేలం వేశారు. ఖజానా మీద పైసా భారం లేదని చెప్పుకునే ఈ పద్ధతిలో భారం లేకపోలేదు, అది భూమి రూపంలో ఉంది. నగరం నడిబొడ్డున ఉన్న ప్రభుత్వ స్థలం ఒకసారి చేయి దాటితే ఆ ధరకు మళ్లీ దొరకదు. మహారాష్ట్ర అనుభవం దీనికి తార్కాణం. 2012 జూన్‌లో ముంబై మంత్రాలయంలో అగ్నిప్రమాదం జరిగాక కొన్ని శాఖలు బయటికి చెదిరిపోయాయి. వాటిని దగ్గరికి తెచ్చుకోవడానికి నారిమన్‌ పాయింట్‌లోని ఎయిర్‌ ఇండియా భవనాన్ని ఆ రాష్ట్రం 1,601 కోట్ల రూపాయలకు కొనేందుకు సిద్ధపడింది, 2024లో కేంద్రం అందుకు ఒప్పుకుంది. ఆ భవనం ఉన్నది రాష్ట్ర ప్రభుత్వం లీజుకిచ్చిన నేల మీదే. అయినా దాన్ని తిరిగి పొందడానికి ఆ ప్రభుత్వం అంత ధర పెట్టేందుకు సిద్ధపడాల్సి వచ్చింది. అన్ని అమ్మకాలూ తప్పని దీని అర్థం కాదు. ఊరి చివర పాడుబడిన గోదామును అమ్మి అవసరమైనచోట కార్యాలయం కట్టుకోవడం తెలివైన పనే. భూమి విలువను ఖర్చు గడిలో రాసిన తర్వాతే ఆ తెలివి రుజువవుతుంది.

భవనం గోడలతో ఖర్చు ఆగదు. లోపలికి వెళ్లే కుర్చీ, ఫ్యాను, కంప్యూటరు, కాగితం, గేటు దగ్గర కాపలా, మెట్లు ఊడ్చే మనిషి, అద్దె కారు అన్నీ కలిపితే ఏళ్ల మీద అది కట్టుబడి ఖర్చును మించిపోవచ్చు. ఇక్కడా కొన్న ధర కనిపిస్తుంది, వాడిన ఖర్చు కనిపించదు. కేంద్రానికి దశాబ్దాల పాటు సరుకుల ధరలు ఖరారు చేసిన డీజీఎస్‌అండ్‌డీ 2017 అక్టోబరు 31న మూతపడింది. శాఖలన్నింటికీ ఒకే ధర కుదిర్చే రేట్‌ కాంట్రాక్టులు మార్కెట్‌ కంటే వెనకబడి పోయాయన్నది దానిమీద ఉన్న ఫిర్యాదు. దాని పనిని 2016లో వచ్చిన ప్రభుత్వ ఆన్‌లైన్‌ కొనుగోళ్ల వేదిక జెమ్‌ పోర్టల్‌ అందుకుంది. 2024-25లో ఈ పోర్టల్‌ మీద జరిగిన కొనుగోళ్లు 5 లక్షల కోట్ల రూపాయలు దాటాయి. ఎవరు ఎంతకు అమ్మారో నమోదు కావడం, చిన్న వ్యాపారి కూడా ఢిల్లీ వెళ్లకుండానే టెండరు వేయగలగడం కాదనలేని మేలు. అయితే అందరికంటే తక్కువ కోట్‌ చేసినవాడికి, అంటే ఎల్‌-1కు, ఆర్డరు ఇచ్చే అలవాటు మాత్రం బలంగానే ఉంది. చవక ఏసీ ఐదేళ్లలో తాగే కరెంటు దాని ధరను మింగేస్తుంది. ఊడ్చే పనికి చవక కాంట్రాక్టు అంటే చాలాసార్లు మనిషికి అందాల్సిన పీఎఫ్‌, ఈఎస్‌ఐ ఎగ్గొట్టడమే. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం, జీతం ఎగ్గొట్టిన కాంట్రాక్టరుకు బదులు అసలు యజమానే చెల్లించాలంది. మిగిలిందనుకున్న డబ్బు వివాదమై తిరిగొస్తుంది. మధ్యవర్తి ఏజెన్సీల బెడద తప్పించేందుకు ఆంధ్రప్రదేశ్‌ 2020లో ఆప్కాస్‌ పేరుతో సొంత కార్పొరేషన్‌ పెట్టడం వెనక ఉన్నది ఈ అనుభవమే. కేంద్ర ఆర్థిక శాఖ కూడా 2021 అక్టోబరులో కొన్ని రకాల పనులకు, సేవలకు ధరతో పాటు నాణ్యతకూ మార్కులు వేయవచ్చని అనుమతించింది. ఈ వెసులుబాటును అధికారి ధైర్యంగా వాడాలంటే, ఎక్కువ ధర పెట్టినందుకు అయిదేళ్లలో ఎంత మిగిలిందో చూపగల లెక్క అతని చేతిలో ఉండాలి. లేకపోతే ఆడిట్‌ అభ్యంతరం వస్తుందన్న భయంతో ఎల్‌-1కే సంతకం పెడతాడు.

ఈ వాదన మీద వచ్చే మొదటి అభ్యంతరం సూటిదే. సర్కారు భవనానికి సర్కారే విలువ కట్టి, శాఖల నుంచి వాడకం రుసుము వసూలు చేస్తే కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో పెట్టుకున్నట్టే కదా, కాగితం పని తప్ప ఒరిగేదేముంది? అమెరికా దీన్ని చేసి చూసింది. 1949లో ఏర్పడిన జనరల్‌ సర్వీసెస్‌ అడ్మినిస్ట్రేషన్‌ అక్కడి ఫెడరల్‌ ప్రభుత్వానికి భవనాలూ సరఫరాలూ రెండూ చూస్తుంది. 1972 నాటి చట్టంతో ఒక నిధి ఏర్పడింది. సొంత భవనాల్లో ఉన్న శాఖలు కూడా మార్కెట్‌ స్థాయిలో అద్దెను ఆ నిధికి జమచేయాలి, మరమ్మతులకూ కొత్త కట్టడాలకూ డబ్బు అందులోంచి రావాలి. స్థలానికి ధర కట్టాల్సి వచ్చినప్పుడు అక్కరలేని గదులను శాఖలు అట్టిపెట్టుకోవడం తగ్గుతుందన్నది ఉద్దేశం. అలాగని అది సంపూర్ణ విజయం కాదు. శాఖలు చెల్లించిన అద్దె మొత్తాన్ని మరమ్మతులకు వాడనివ్వకుండా అమెరికన్‌ కాంగ్రెస్‌ ఎన్నో ఏళ్లు చేయి పట్టింది. పనులు పేరుకుపోయాయి. ఫెడరల్‌ ఆస్తుల నిర్వహణను అక్కడి ఆడిట్‌ సంస్థ 2003లో అధిక ముప్పున్న అంశాల జాబితాలో చేర్చింది. దీన్నిబట్టి తెలిసేది ఒకటే. లెక్క రాయడం అవసరం, రాసిన లెక్కకు డబ్బు కట్టుబడి ఉండడం అంతకంటే అవసరం. జేబులు మారినా ఎంత పోతోందో తెలియడం తక్కువ లాభమేమీ కాదు.

రెండో అభ్యంతరం కాలానికి సంబంధించినది. మీ సేవ వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి వాట్సాప్‌లోనే ధ్రువపత్రాలిచ్చే ‘మన మిత్ర’ వచ్చింది, ఇంకా ఆఫీసు భవనాల గొడవెందుకు అంటారు. పనులు ఫోన్లోకి వెళ్లేకొద్దీ కౌంటర్లు తగ్గుతాయి, నిజమే. భూమి కొలతల తగాదా, పింఛను ఆగిన వృద్ధురాలి గోడు, నేరుగా విచారణ అవసరమైన ఫైలు ఫోన్లో తేలవు. కాబట్టి ఎప్పటికీ ఉండే కార్యాలయాలకు సొంత భవనాలు, రేపు మారిపోగల వాటికి చిన్న గడువు లీజులు అన్న విభజనకు ఈ మార్పు ఇంకా బలమిస్తుంది. మూడోది అన్నింటికంటే బరువైన అభ్యంతరం. బడికి గది లేదు, ఆసుపత్రికి మంచం లేదు, అధికారులకు మేడలెందుకు? మేడల సంగతి వేరు, లెక్కల సంగతి వేరు. ఆఫీసు మీద వృథా అయ్యే రూపాయి ఎక్కడ ఉందో తెలిస్తేనే దాన్ని ఆసుపత్రికి మళ్లించగలం. అద్దె బకాయిలతో గురుకులాలకు తాళాలు పడిన రోజు ఆఫీసుల లెక్క, బడుల కష్టం రెండూ ఒకే సమస్య అని తేలిపోయింది.

చేయాల్సిన పనులు కొండలు పిండి చేసేవి కావు. అక్రూవల్‌ పద్ధతికి పూర్తిగా మారే దాకా ఆగక్కర్లేదు. ప్రతి రాష్ట్రం తన కార్యాలయ భవనాలన్నింటికీ ఒక రిజిస్టరు తెరిచి, ఏటా బడ్జెట్‌తో పాటు శాసనసభ ముందు పెట్టాలి. సొంతమా అద్దెనా, విస్తీర్ణమెంత, కూర్చునేవారెందరు, అద్దె లేదా తరుగుదల ఎంత, కరెంటు, కాపలా, శుభ్రత, మరమ్మతుల ఖర్చెంత అన్నవి ఒక్కో భవనానికి ఒక్క వరుసలో రాస్తే చాలు. కట్టేది రోడ్లు భవనాల శాఖ, వాడేది మరో శాఖ, డబ్బిచ్చేది ఆర్థిక శాఖ అయినప్పుడు చూరు కారితే ముగ్గురూ ఒకరినొకరు చూపిస్తారు. అందువల్ల ఒక్కో ప్రాంగణానికి ఒక్క అధికారిని బాధ్యుణ్ణి చేయాలి. మరమ్మతుల నిధిని వేరే పద్దుకు మళ్లించకూడదన్న నిబంధన ఉండాలి. కూల్చివేతకు, అమ్మకానికి, అయిదేళ్లు దాటిన అద్దెకు ప్రత్యామ్నాయాల ఖర్చుతో పోల్చిన పత్రం ముందే బహిరంగం కావాలి.

ప్రభుత్వం ఈ లెక్క ఇచ్చేదాకా పాఠకుడు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం అందరిదీ. మన రెండు రాష్ట్రాల్లో దరఖాస్తు రుసుము మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆ పైన పది, గ్రామ స్థాయిలో అదీ లేదు. మీ ఊళ్లోని ఒక కార్యాలయాన్ని ఎంచుకోండి. ఆ భవనం ఎవరిది, నిరుడు దాని మీద మొత్తం ఖర్చెంత, చివరిసారి మరమ్మతు చేసిందెప్పుడు అని మూడు ప్రశ్నలు రాసి పంపండి. ముప్ఫై రోజుల్లో జవాబు చెప్పాల్సిన బాధ్యత ఆ కార్యాలయానిదే.